వెంకటరామయ్య గారి వంపు

వంకర అంటేనే ఒంటికి పడని మనిషి, వంకర రోడ్డు ఎందుకు వేశాడు? నాచారం కాలనీ చివరి వీధి దాటి కారు చెరువు వైపు తిరిగిందో లేదో, రాజశ్రీ బుర్రలో మళ్లీ అదే మొదలైంది. చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే. కాకపోతే ఇన్నాళ్లూ అదొక ఆటలాంటిది, ఏమీ తోచనప్పుడు బయటికి తీసి చూసుకొని మళ్లీ లోపల పడేసేది. ఈ నాలుగైదు రోజులుగానే కంట్లో నలుసైపోయింది. పక్క సీట్లో అమ్మ కమలకుమారి, ఒళ్లో చేతిసంచి పెట్టుకొని, దాని మీద రెండు చేతులూ బోర్లించి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కూతురితో మాటల్లేవు. కాఫీ ఇస్తుంది, అన్నం వడ్డిస్తుంది, నెయ్యి కూడా వేస్తుంది, నోటి వెంట మాట మాత్రం రాదు. కోపమొస్తే అరిచి దులిపేసి, అరగంటకి పిలిచి పెసరట్టు పెట్టే మనిషే గానీ ఇలా నోరు కట్టేసుకునే మనిషి కాదు, అదే భయంగా ఉంది. ఇవాళ పొద్దున్న జరీ అంచు చీర కట్టుకొని, చెప్పులేసుకొని గుమ్మంలో నిలబడి, "ఆ మీటింగుకి పోయేముందు నన్నొకసారి చెరువు రోడ్డు మీద తిప్పు" అంది. అంతే. ఎందుకమ్మా అంటే వినపడనట్టు వెళ్లి కార్లో కూర్చుంది.

మీటింగు వార్డు ఆఫీసులో, ఇంకో గంటలో. చెరువు రోడ్డు వెడల్పు చేసి, నడిచేవాళ్లకి బాట వేసి, దీపాలు పెట్టే పనికి గీతలు గీసింది రాజశ్రీ పనిచేసే కంపెనీ, కంపెనీలో ఆ గీతలు గీసిన ఇంజినీరు రాజశ్రీ. అన్నీ అందరూ ఒప్పుకున్నారు, ఒక్కటే మిగిలిపోయింది. తిన్నగా పోతున్న రోడ్డు, మధ్యలో ఎవరూ అడక్కుండా, కారణమంటూ లేకుండా చెరువు వైపు ఒక్క తిరుగుడు తిరిగి, మళ్లీ బుద్ధి తెచ్చుకొని వెనక్కి వచ్చి తిన్నగా పోతుంది. కాలనీ అంతా దాన్ని వెంకటరామయ్య గారి వంపు అంటుంది. వెంకటరామయ్య గారంటే రాజశ్రీ నాన్న, పోయి ఆరేళ్లయింది. మొన్న ఆషాఢం వానలో పక్కింటి స్నిగ్ధ కాలేజీ నుంచి స్కూటీ మీద వస్తూ ఆ వంపులోనే జారి కాలు విరగ్గొట్టుకుంది. అంతకుముందు పాలవాడు, అంతకుముందు ఇంకెవరో. రాజశ్రీ రోడ్డు తిన్నగా గీసేసింది. గీసి, ఇంటికొచ్చి భోజనాల దగ్గర, "నాన్న చేసిన తప్పు ఇన్నాళ్లకి నేను దిద్దుతున్నానమ్మా" అని నవ్వింది. అమ్మ కంచం సగంలో వదిలేసి లేచిపోయింది. ఇదిగో, అప్పటి నుంచే ఈ మౌనం. ఇవాళ మీటింగులో ఒక్క మాట చెప్పాలి, వంపు తీసేయాలా ఉంచాలా అని. తీసేయమంటే అమ్మ ఇంక జన్మలో మాట్లాడదేమో. ఉంచమంటే వచ్చే వానకి ఎవరి కాలో, ఎవరి తలో. ఎటూ పాలుపోవడం లేదు. ఇంత చదువు చదివి, ఇన్ని రోడ్లు గీసి, ఇంటి వెనక రోడ్డు దగ్గర ఇలా ఇరుక్కోవడమేంటి ఖర్మ కాకపోతే.

ఎండ ఇంకా ఎక్కలేదు. తెల్లవారుజామున జల్లు పడినట్టుంది, రోడ్డు పక్క లొట్టపీసు చెట్ల లేత వంగరంగు పూలు తడిసి వేలాడుతున్నాయి. ఫ్యాక్టరీల వైపు నుంచి బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన, దాని వెనకాలే చెరువు పాచి వాసన, రెండూ కలిసి చిన్నప్పటి బడి దారి వాసన. నీళ్ల మీద గుర్రపుడెక్క మళ్లీ పరుచుకుంది, మిషన్లు పెట్టి తీసేవాళ్లు తీస్తూనే ఉంటారు, అది పెరుగుతూనే ఉంటుంది, సిగ్గులేకుండా ఊదారంగు పూలు కూడా పూస్తుంది. దాని ఆకుల మీద ఒక నీటికోడి కాలు తడవకుండా నడుచుకుంటూ పోతోంది. అంత ఒళ్లేసుకొని మునగదేం? ఓహో, ఆ వేళ్ల పొడవు చూడు, బరువంతా పంచేసుకుంటోంది, రోడ్డు కింద కంకర చేసే పనీ అదే కదా. అవతల మోడు మీద నీటికాకి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటోంది. పొద్దస్తమానం నీళ్లలో మునిగే పిట్టకి తడిసిపోయే రెక్కలేంటి, చేసినవాడెవడో గానీ లెక్క తప్పినట్టుంది. నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. తప్పిందని నువ్వనుకుంటున్నావు, ఎందుకలా చేశారో ముందది అడుగు, అనేవాడు. నిజమే, తడిస్తేనే బరువెక్కుతుంది, బరువెక్కితేనే లోతుకి దిగి చేపని పట్టుకుంటుంది. అమ్మ కూడా ఆ నీటికాకినే చూస్తోంది. ఏమనుకుంటోందో. కిటికీ అద్దంలో అమ్మ ముఖం సగమే కనిపిస్తోంది, ఆ సగంలో కోపం లేదు, అదే అర్థం కావడం లేదు.

ఈ రోడ్డు పుట్టినప్పటికి రాజశ్రీ పుట్టలేదు. అయినా చూసినట్టే ఉంటుంది, అన్నిసార్లు విన్నది. కొలత పరికరాలు చేసే గవర్నమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, తెనాలివాళ్లూ ఏలూరువాళ్లూ వరంగల్‌వాళ్లూ, చవగ్గా వస్తున్నాయని చెరువు వెనక రాళ్లలో స్థలాలు కొనుక్కున్నారు. ఇళ్లు లేచాయి గానీ దారి లేదు. ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి చెప్పులు చేత పట్టుకొని బురదలో నడక, నెత్తి మీద సామాను, చంకలో పిల్ల. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇదయ్యే పని కాదు, ఆదివారం ఆదివారం మనమే వేసుకుందాం పదండని లేచింది నాన్నేనట. ఇంటికొక మనిషి, మనిషికొక పలుగో పారో తట్టో. ముందు సున్నంతో గీత, గీత వెంట మొరం, మొరం మీద రోలరు. ఆ రోలరు హబ్సిగూడలో ఏదో కాలేజీ ఆటస్థలం నుంచి బతిమాలి తెచ్చిన రాతి రోలరు, మగవాళ్లంతా తాళ్లు పట్టి లాగితే పిల్లలు వెనకాల ఐలేసా అంటూ పరిగెత్తేవాళ్లట. ఆడవాళ్లు మజ్జిగ కుండలతో, పులిహోరతో వచ్చేవాళ్లు. తెనాలి పులిహోరా, వరంగల్ సకినాలూ ఒకే విస్తట్లో పడటం ఆ రోడ్డు మీదే మొదలని అమ్మ గొప్పగా చెప్పేది. ఆ తర్వాత మున్సిపాలిటీ వాళ్లొచ్చి తారు పోశారు, పీర్జాదిగూడ దాకా అపార్టుమెంట్లు లేచాయి, ఉప్పల్‌కి మెట్రో వచ్చింది, కానీ తట్టలతో మోసి వేసిన దారి అలాగే, వంపు వంపులాగే ఉండిపోయింది.

నాన్న ఫ్యాక్టరీలో తనిఖీ విభాగం. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పనిముట్టు వెనక్కి పంపేసేవాడు. ఇంట్లో కూడా అదే వరస. దోసకాయ ముక్కలు సమానంగా లేకపోతే పప్పు ఎలా ఉడుకుతుందని అమ్మతో వాదన. ఎవరింటికైనా వెళితే గోడ మీద పటం ఒక పక్కకి ఒరిగి ఉంటే, లేచి దాన్ని సరిచేసేదాకా కాఫీ ముట్టుకునేవాడు కాదు, అమ్మకి తల కొట్టేసినట్టుండేది. అలాంటి మనిషి, ఊరంతా నడిచే రోడ్డుకి ఈ వంకరా! చిన్నప్పుడు రాజశ్రీ స్నేహితురాళ్లతో కలిసి ఎన్ని కారణాలు కట్టిందో. అక్కడ పాముపుట్ట ఉండేదని, పగలని బండ ఉండేదని, ఎవరో నవాబు గారి గుర్రాన్ని పాతిపెట్టారని. పక్క వీధి పాండురంగ మామ, ఆయన ఇక్కడివాడే, రోడ్డు వేసినవాళ్లలో ఆయనా ఒకడు, ఆయన కథ ఆయనది. "నీకెర్కలేదు బిడ్డా, మేం లాగలేక రోలర్‌కు దున్నపోతుల గట్టినం. ఎండ మస్తు గొడ్తుండె. అవి సీదా నీళ్ల దిక్కు గుంజినయ్. మీ నాయనేం జేస్తడు పాపం, ఎన్కాల ఉరికిండు!" అని పొట్ట పట్టుకొని నవ్వేవాడు. పక్కనే నాన్న కూడా నవ్వేవాడు. నాన్ననడిగితే ఒకటే జవాబు, కొలత తప్పిందమ్మా, నాదే, అని. ఒక్కసారి కూడా మాట మార్చలేదు. ఆ మనిషి కొలత తప్పడమేంటి, తప్పినా ఇంత హాయిగా ఒప్పుకోవడమేంటి? తన చేతిలో పని తప్పితే రాత్రంతా దొర్లేవాడే, మరి దీని దగ్గర ఆ నవ్వెక్కడిది?

వంపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే గేరు తగ్గించింది. ఇటు రోడ్డు చెరువు వైపు వంగుతుంది, ఆ వంపు లోపల నెలవంకలాంటి నేల ముక్క ఒకటి మిగిలిపోయింది, ఎవరిదీ కాదు, ఎవరూ కట్టలేదు, ఏమీ నాటలేదు. దాన్నిండా ఇప్పుడు గునుగు, నడుమెత్తు గునుగు, తెల్లగా గులాబీగా కంకులు కంకులుగా, మధ్యమధ్య తంగేడు పచ్చగా. బతుకమ్మ దగ్గరికొచ్చేసింది మరి. దుర్గమ్మ అప్పుడే కొడవలితో కోసి కట్టలు కట్టి రోడ్డు మీద పరిచేసింది. వార్డు రోడ్లు ఊడ్చే దుర్గమ్మే, పండగ రోజుల్లో పూలు అమ్ముతుంది. కారు చూసి చెయ్యెత్తింది.

"జర ఆగు బిడ్డా, తీస్త." కట్టలు ఒక పక్కకి లాగుతూ కిటికీలోకి వంగి చూసింది. "అయ్యో, పెద్దమ్మ గుడ వచ్చింది! గీ వంకర తీసేస్తరట గద, నిజమేనా? మరి మా పూలకు మేమేడికి వోవాలె? నీ అయ్య గిట్ల వంకర గొట్టవట్కే గదనే గిన్ని పూలు!"

ఇంకా తేలలేదు దుర్గమ్మా అని రాజశ్రీ నసిగింది. దుర్గమ్మ కట్టలన్నీ గంపలో సర్ది నెత్తికెత్తుకొని, నవ్వుకుంటూ ఉప్పల్ వైపు వెళ్లిపోయింది. రాజశ్రీ కారు పక్కకి తీసి ఆపేసింది, ఇంజను కూడా ఆపేసింది. ఆపగానే ఎంత నిశ్శబ్దం, గునుగులో ఏదో పురుగు గీపెడుతోంది, అమ్మ గాజులు సంచి మీద కదిలిన చప్పుడు. ఇప్పుడు ఆ రెండు చివరలూ కళ్లెదురుగా ఉన్నాయి. వంపు మొదలయ్యే చోటు ఇది, వంపు ముగిసే చోటు అదిగో, గునుగు మీదుగా కనిపిస్తోంది. సర్వే చేసిన రోజు రాజశ్రీ ఈ రెండు ముక్కలనీ కాగితం మీద కలిపి చూసింది. ఇటు రోడ్డూ అటు రోడ్డూ ఒకే గీత, వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు బాగుంది, పని సులువైందనుకొని ముందుకెళ్లిపోయింది, తెలివితక్కువ మొహం. కొలత తప్పినవాడు తప్పినచోట నుంచి తప్పుకుంటూనే పోతాడు గానీ, మళ్లీ సరిగ్గా అదే గీత మీదకి ఎలా వస్తాడు? తప్పిపోయినవాడు తిరిగొచ్చిన దారి కాదిది. గీత ముందే వేసి ఉంది. తిన్నగా వేసి ఉంది. దేన్నో తప్పించుకొని పోయి, మళ్లీ ఆ గీతనే పట్టుకున్నాడు. నాన్నా, ఎంత దొంగవి నువ్వు!

"అమ్మా, నాన్న కొలత తప్పలేదు కదూ?"

కమలకుమారి మెల్లగా తల తిప్పింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి కూతురి ముఖంలోకి చూసింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. రోడ్డే చెబుతోంది. కావాలనే తిప్పారు. ఎందుకమ్మా?"

"ఆయన తిప్పలేదు. నేను తిప్పించాను" అంది కమలకుమారి, సంచి మీద చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "సున్నం గీత ఇదిగో, ఈ పూల మధ్యలోంచే పోయేది. ముందు ఆదివారం మొరం పోసి వెళ్లారు. మళ్లీ ఆదివారానికల్లా ఆ మొరంలో తీతువు పిట్ట గుడ్లు పెట్టేసింది. ఎండలు ముదిరిన రోజులు, నాకు అప్పుడు ఆరో నెల."

తీతువు మరి గూడు కట్టదు, వట్టి నేల మీద, గులకరాళ్లలో గులకరాళ్లలా కలిసిపోయేట్టు గుడ్లు పెడుతుంది, అంత మంచి మొరం పరిచి ఉంచితే దానికంతకన్నా ఏం కావాలి! రోలరు దగ్గరికొచ్చిందట. పిట్ట నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. అసలే అది అరిస్తే ఇంటికి అరిష్టమంటారు, తరిమెయ్యండి ముందు అని ఎవరో రాయి తీశారట. అమ్మకి అప్పుడు అత్తగారి మాటలు చెవిలో గింగురుమన్నాయి. ఇంటిది కడుపుతో ఉన్నప్పుడు మగవాడు పునాది తియ్యకూడదు, శవం మొయ్యకూడదు, పుట్ట తవ్వకూడదు, గుడ్డు చిదపకూడదు. నాన్న ఇవేవీ నమ్మే రకం కాదు, రాహుకాలంలో స్కూటరు కొన్న మనిషి. అందుకని అమ్మ మజ్జిగ కుండ పక్కన పెట్టేసి వెళ్లి రోలరుకి అడ్డంగా నిలబడిందట, ఊరందరి ముందూ, అంత కడుపేసుకొని. జరగను, ఏం చేసుకుంటారో చేసుకోండి అని.

"నాన్న తిట్టారా?"

"తిట్టుంటే బాగుండేది. నా వంక ఒక్క చూపు చూసి, సున్నం డబ్బా తీసుకొని ఆయనే చుట్టూ గీత గీసేశారు. నా లెక్క తప్పింది, ఇటు తిప్పుకోవాలండీ అని అందరితో అన్నారు. నా పేరెత్తలేదు, చూసినవాళ్లనీ ఎత్తనివ్వలేదు. అప్పుడూ ఎత్తలేదు, ఎప్పుడూ ఎత్తలేదు. అంత పనిమంతుడు, కాలనీ అంతా నవ్వుతుంటే కూర్చొని నవ్వించుకున్నారు. నువ్వూ నవ్వావు చూడు మొన్న, తప్పు అని, అది తట్టుకోలేకపోయానమ్మా."

నవ్విన నవ్వు గుర్తొచ్చి రాజశ్రీ ముఖం వేడెక్కింది. అయినా పాడు బుర్ర, అది ఊరుకోదు కదా, ఆరో నెల ఆరో నెల అని లోపల కొట్టుకుంటూనే ఉంది. ఎవరి ఆరో నెల? తనదా? తను పుట్టింది సంక్రాంతి వెళ్లాక, అంటే ఆ ఎండాకాలానికి తనింకా, కాదే, లెక్క కుదరడం లేదు. రోడ్డు తనకన్నా రెండేళ్లు పెద్దది. ఎప్పుడూ వింటూ వచ్చిన మాటే అది, రోడ్డు నీకన్నా రెండేళ్లు పెద్దదే అని. మరి ఆ కడుపులో ఉన్నదెవరు?

"పిట్ట పిల్లలు బతికాయి" అంది అమ్మ, అడక్కుండానే. "బూడిదరంగు బంతుల్లా తల్లి వెనకాల నడుచుకుంటూ నీళ్ల వైపు వెళ్లిపోయాయని మీ నాన్న ఆస్పత్రికొచ్చి చెప్పారు. నేను చూళ్లేదు. నా పిల్ల ఏడో నెలకే వచ్చేసింది. ఆడపిల్ల. ఒక్క పగలుంది."

అక్క. ఎప్పుడూ ఎవరినీ అలా పిలవలేదు రాజశ్రీ, పేరు పక్కన తోకలా తగిలించడమే గానీ, వట్టి అక్క అని. ఇంట్లో పెద్దదాన్ని నేనే అని ఎన్నిసార్లు మొండికేసింది, ఎన్ని బొమ్మలు తమ్ముడి దగ్గర లాక్కుంది, అమ్మ అప్పుడు వంటింట్లోకి ఎందుకు వెళ్లిపోయేది? ఆ పిల్లకి జుట్టుందా? నాన్న ఎత్తుకున్నాడా? ఏడిచిందా, గొంతు ఎలా ఉంది? ఇన్ని ప్రశ్నలు ఇప్పుడెందుకొస్తున్నాయి, ఒక్కటీ అడిగేవి కావు.

"అవి వెళ్లిపోయాయి కదా, ఇంక రోడ్డు సరిచేద్దాం పదమని అందరూ పలుగులు పట్టుకొచ్చారు. మీ నాన్న వద్దన్నారు. ఉండనీండి, బాగానే ఉందిగా అన్నారు. ఇంటికొచ్చాక నేనడిగాను. ఇప్పుడు తిన్నగా వేస్తే నువ్వు ఆ రోజు నిలబడ్డది దండగైపోతుంది కమలా అన్నారు." కమలకుమారి పమిటతో ముక్కు తుడుచుకుంది. "నాకేమో కడుపు మండిపోయేది. ఆ పిట్ట గొంతు వింటే చెవులు మూసుకునేదాన్ని. దాని పిల్లలు బతికాయి, నా పిల్ల బతకలేదు, ఎందుకు కాపాడానురా దేవుడా అనుకునేదాన్ని. పిట్టతో పోటీ ఏంటి, పిచ్చిదాన్ని కాకపోతే. ఆ తర్వాత ఆ నేల మీద కాలు పెట్టలేదు నేను. అందరూ పూలకెళితే నేను రోడ్డు మీదే నిలబడేదాన్ని."

"వంపు ఉంచేస్తానమ్మా" అంది రాజశ్రీ. "ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను. స్పీడ్ బ్రేకర్లు వేయిస్తా, అద్దాలు పెట్టిస్తా, ఏదో ఒకటి చేస్తా."

"ఎందుకూ? స్నిగ్ధ కాలు విరిగింది చాలలేదా?" అమ్మ గొంతులోకి పాత కరుకు వచ్చేసింది, ఆ కరుకు కోసమే ఇన్ని రోజులుగా మొహం వాచిపోయినట్టుంది రాజశ్రీకి. "ఆ పిల్ల తల్లి ఆస్పత్రిలో ఎలా కూర్చుందో చూశాను నేను. నా వల్లే అనిపించింది. బిడ్డ కోసం నిలబడ్డ చోట ఇంకొకరి బిడ్డ పడితే, అది మీ నాన్నకి మాత్రం ఇష్టమా? తిన్నగా వెయ్యి. శుభ్రంగా వెయ్యి. అయితే ఆ మీటింగులో తప్పు అని మాత్రం అనకు. మీ నాన్న తప్పు చెయ్యలేదు."

"అననమ్మా."

కమలకుమారి తలుపు తీసుకొని దిగింది. సంచి సీట్లోనే వదిలేసింది. అమ్మా, ఎక్కడికి, తడిగా ఉంది, పురుగూ పుట్రా ఉంటాయి అని రాజశ్రీ అంటూనే ఉంది. "నువ్వు కారు చుట్టూ తిప్పుకొని అవతలికి తీసుకురా. నేనిలా వస్తాను" అని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, ఒక్క క్షణం ఆగి, గునుగులోకి అడుగు పెట్టింది.

రాజశ్రీ కారు తిప్పింది. ఇటు చూస్తే నీళ్లు, అటు చూస్తే పూల మీద అమ్మ భుజాలూ తలా. నాన్న సున్నం డబ్బాతో వంగి నడిచిన దారిలో తను పోతోంది, నాన్న ముందు వేసిన గీత మీద అమ్మ వస్తోంది. పడిపోతుందేమో, ఆగిపోతుందేమో, వెనక్కి తిరుగుతుందేమో. ఆగలేదు. తంగేడు పొద దగ్గర మాత్రం కాస్త పక్కకి తప్పుకొని మళ్లీ తిన్నగా నడిచింది. వంపు చివర కారు ఆపి రాజశ్రీ దిగి నిలబడింది. అమ్మ బయటికొచ్చింది. చీర అంచంతా తడి, గడ్డిగింజలు, జుట్టులో ఒక గునుగు కంకి ఇరుక్కుంది. రోడ్డెక్కి, ఆయాసపడుతూ, వెనక్కి తిరిగి తను వచ్చిన చోటు వంక చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇన్నేళ్లూ ఎంతో దూరం అనుకున్నానే రాజీ. ఇంతేనా ఇది?"

అంటూనే రోడ్డు మధ్యలో నిలబడి భోరున ఏడ్చేసింది. వెనక వచ్చిన ఆటోవాడు హారన్ కొట్టబోయి మానేశాడు. రాజశ్రీ వెళ్లి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంతేనమ్మా" అంది.